పాలమూరు ఎండలో చైనా బండి: నల్లగొండ నుంచి నడిగడ్డ దాకా

బయలుదేరే ముందు, నల్లగొండ

చైనా బండి ఉన్నవాళ్లు ఎక్కడ కలిసినా రెండు మాటలే వస్తాయి. ఇంజిన్‌కు ఢోకా లేదు. సామాను దొరకదు. రెండూ నిజమే. ఇంజిన్ చుట్టూ ఉండే చిల్లర సామానులో, అంటే బేరింగు, రబ్బరు గొట్టం, కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు), రెగ్యులేటర్ (బ్యాటరీ ఛార్జింగ్‌ను అదుపులో ఉంచేది), బోల్టులలో, ఏది ముందు పోతుందో తెలిసినవాడి దగ్గర ఈ బండి నడుస్తుంది. తెలియనివాడి దగ్గర షెడ్డులో నిలబడుతుంది. రెండు బండ్లు, ఒకటి 125, ఇంకొకటి 250 క్రూయిజర్, దక్షిణ తెలంగాణ చుట్టూ తిప్పితే ఏ రోడ్డు ఏ ముక్కను అడుగుతుందో ఈ కథనంలో ఉంది.

ఇంజిన్ మీద నమ్మకం ఊరికే రాలేదు. చవక చైనా బండ్లలో చాలావాటి మూలం పాత జపాన్ డిజైన్లే. 1976లో హోండా తెచ్చిన సీజీ125 పుష్‌రాడ్ ఇంజిన్‌ను, జనం ఆయిలు వేళకు మార్చరు, బరువు మించి వేస్తారు అని లెక్కపెట్టుకునే తయారుచేశారు. చోంగ్‌చింగ్ నగరంలోని లిఫాన్, లోన్సిన్, జోంగ్‌షెన్ లాంటి ఫ్యాక్టరీలు ఆ తరహా ఇంజిన్లను ఆఫ్రికా దాకా పంపాయి. వియత్నాంలో 2000 ప్రాంతంలో చైనా బండ్లు ఎంత చవగ్గా దిగాయంటే హోండాయే 2002లో వేవ్ ఆల్ఫా అనే చవక మోడల్ తేవాల్సి వచ్చింది. ఆ రకం బండ్లకు మన దగ్గర చోటు దొరకలేదు. స్ప్లెండర్, ప్లాటినా ఉన్న ఊళ్లో సీజీ నకలు ఎవరు కొంటారు? మనకు వచ్చినవి చూపుకు పెద్దగా, రెండు డిస్కులతో, లావు టైర్లతో ఉండే రకం. ఇటలీ బెనెల్లీని 2005లో కొన్న చియాన్‌జియాంగ్ కంపెనీ బండ్లు 2018 నుంచి ఒక హైదరాబాద్ సంస్థ చేతి మీదుగానే దేశమంతా వెళ్తున్నాయి. కాబట్టి ఈ జాతి బండ్లకు హైదరాబాద్ పుట్టిల్లే. అయితే నల్లగొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు, గద్వాల నుంచి రెండు వందలకు దగ్గర. షోరూములో పది నిమిషాల పని అయిన రెగ్యులేటర్ గద్వాలలో రెండు రోజుల పని అయ్యేది అందుకే.

బయలుదేరే ముందు రోజంతా పానాలతోనే గడవాలి. ఫ్యాక్టరీలో గన్నుతో బిగించిన బోల్టుల్లో కొన్ని అతిగా, కొన్ని తక్కువగా బిగిసి ఉంటాయి. టార్క్ రెంచ్ పెట్టి ఎం6 బోల్టులను 10 న్యూటన్ మీటర్లకు, ఎం8ను 22 నుంచి 25కు, ఎం10ను 45 దాకా చూసుకోవాలి. యాక్సిల్ నట్టుకు మాత్రం బండి పుస్తకంలో ఉన్న అంకెనే పట్టుకోవాలి. వెనక స్ప్రాకెట్ బోల్టులు, సైలెన్సర్ బ్రాకెట్, నంబర్ ప్లేట్ బ్రాకెట్, సైడ్ స్టాండ్ బోల్టు, ఈ నాలుగింటికి నీలం రంగు థ్రెడ్ లాకర్ (బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క వేస్తే దారిలో సగం తలనొప్పి పోతుంది. ఎరుపు రంగుది వద్దు, మళ్లీ విప్పాలంటే వేడి చేయాలి. స్పార్క్ ప్లగ్‌కూ యాక్సిల్‌కూ ఏ లాకరూ పూయకూడదు.

క్రాంక్ కేసు అల్యూమినియం మెత్తన. డ్రెయిన్ బోల్టును బలం కొద్దీ బిగించినవాళ్లే ఎక్కువగా మర పోగొట్టుకుంటారు. మర పోతే కంగారు అక్కర్లేదు, లేత్ షాపులో హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేయించుకుంటే అసలుదానికంటే గట్టిగా ఉంటుంది. ప్లస్ తల స్క్రూలు ఒకసారి విప్పగానే అరిగిపోతాయి. వాటి బదులు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఎం6 స్టెయిన్‌లెస్ అలెన్ బోల్టులు వేసేస్తే తర్వాత ప్రతి మెకానిక్కూ దండం పెడతాడు.

కొత్త బండికి మొదటి ఆయిలు 300 నుంచి 500 కిలోమీటర్ల మధ్య తీసేయాలి. కొత్త గేర్లు రాసుకుని రాలిన లోహపు పొడి అందులో కనబడుతుంది, వెలుతురులో మిలమిలలాడుతుంది. ఇంజిన్ అడుగున జల్లెడ ఉంటే దాన్నీ విప్పి పెట్రోలుతో కడగాలి. టాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుల దగ్గర ఉంచే సన్నని గ్యాపు, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, పొద్దున్నే చూడాలి. సీజీ తరహా ఇంజిన్లకు రెండు వాల్వులకూ 0.08 మిల్లీమీటర్లు. ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజిన్లకు పుస్తకం చూడాలి. టాపెట్ కొంచెం టిక్‌టిక్ అంటే భయం లేదు. అసలు శబ్దమే లేకపోతే భయపడాలి: గ్యాపు మూసుకుపోయి ఎగ్జాస్ట్ వాల్వు సీటు మీద సరిగ్గా కూర్చోక కాలిపోతుంది. బండి బాగా స్మూత్‌గా ఉంది, పొద్దున స్టార్టింగే కొంచెం మొరాయిస్తోంది అని చెప్పే ఓనర్ల బండ్లలో చాలాసార్లు ఇదే కనబడుతుంది.

సంచిలోకి: మల్టీమీటర్, ఫీలర్ గేజ్ (గ్యాపు కొలిచే పల్చని రేకులు), క్లచ్ వైరు ఒకటి, 10, 15 ఆంపియర్ల ఫ్యూజులు, నాలుగు కాళ్ల 12 వోల్టుల 30 ఆంపియర్ రిలే ఒకటి, చైన్ లాకు రెండు, ఇన్సులేషన్ టేపు, బైండింగ్ వైరు, జిప్ టైలు. రిలే ఏ ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరైనా దొరుకుతుంది. ఫ్యూయల్ పంపు రిలే పోయినప్పుడు రోడ్డు పక్కనుంచి లేపేది ఇదే.

మొదటి రోజు: నల్లగొండ, హాలియా, నాగార్జునసాగర్, కొండమల్లేపల్లి, డిండి

హాలియా దాకా రోడ్డు సాఫీ. పక్కన సాగర్ ఎడమ కాలువ కింద వరి, ఆ తర్వాత బండరాళ్లు. ఇలాంటి రోడ్డు బండికి తేలిక అనుకుంటారు. కానీ ఒకే వేగంతో గంటసేపు ఎండలో నడిపితే కష్టం వచ్చేది ఛార్జింగ్ వ్యవస్థకు. ఈ బండ్లలో ఎక్కువగా షంట్ రకం రెగ్యులేటర్ ఉంటుంది. బ్యాటరీ నిండాక మిగిలిన కరెంటును వేడిగా మార్చి వదిలేయడమే దాని పని. గాలి తగలని చోట, సీటు కిందనో బ్యాటరీ పెట్టె వెనకనో దాన్ని బిగిస్తే మార్చి ఎండలోనే చేయి పెట్టలేనంత కాలుతుంది. ముందు కరిగేది రెగ్యులేటర్ కాదు, దాని కప్లర్. లోపలి పిన్ను వదులై, అక్కడ నిరోధం పెరిగి, ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది.

సాగర్ డ్యామ్ దగ్గర టీ తాగే టైములో పరీక్ష చేసుకోవచ్చు. ఇంజిన్ ఆపి అరగంట ఆగితే మంచి బ్యాటరీ 12.6 వోల్టుల పైన చూపాలి. స్టార్ట్ చేసి 4,000 ఆర్‌పీఎం దగ్గర 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, అలాగే నడిపితే బ్యాటరీ ఉబ్బి హెడ్‌లైటు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) కూడా పోవచ్చు. 13 కంటే కిందే ఉంటే కప్లర్ విప్పి స్టేటర్ (ఇంజిన్‌లో కరెంటు పుట్టించే కాయిల్) నుంచి వచ్చే మూడు పసుపు వైర్లను చూడాలి. ఏ రెండింటి మధ్య పెట్టినా ఓమ్స్ ఒకేలా, ఒకటి చుట్టూ లేదా అంతకు తక్కువ రావాలి. ఏ వైరు నుంచీ బాడీకి కంటిన్యుటీ ఉండకూడదు. ఇంజిన్ లేపి ఏసీ వోల్టులు చూస్తే మూడు జతలూ దాదాపు సమానంగా ఉండాలి. స్టేటర్ బాగుంటే తప్పు రెగ్యులేటర్‌ది. బాగాలేకపోతే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో మోటార్ వైండింగ్ చేసేవాళ్లు కాయిల్ మళ్లీ చుట్టి ఇస్తారు, కొత్త స్టేటర్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండ్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. బ్యాటరీ పూర్తిగా చస్తే తోసి స్టార్ట్ చేయడం కుదరదు. పంపు తిరగాలి, ఈసీయూ మేల్కోవాలి, దానికి కనీసం తొమ్మిది, పది వోల్టులు కావాలి. కీ తిప్పగానే ట్యాంకులోంచి రెండు మూడు సెకన్లు వచ్చే జుయ్ శబ్దం వినడం అలవాటు చేసుకోవాలి. శబ్దం లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, ఆ తర్వాతే పంపు. పంపును చల్లబరిచేది పెట్రోలే కాబట్టి రిజర్వు దాకా లాగే అలవాటు ఈ బండ్లకు మంచిది కాదు.

కొండమల్లేపల్లి నుంచి దేవరకొండ, అక్కడినుంచి డిండి. దేవరకొండ కోట ఎక్కే సమయం లేదు, కిందినుంచి చూసి కదలడమే. డిండి జలాశయం కట్ట మీద సాయంత్రం గాలికి ఇంజిన్లు చల్లారుతుంటే రెగ్యులేటర్‌ను సీటు కిందనుంచి తీసి ఫ్రేము బయట, గాలి తగిలేలా రెండు బోల్టులతో బిగించడం ఒక గంట పని. వైరు చాలకపోతే అదే మందం వైరు కలిపి టంకం వేయాలి, మెలితిప్పి టేపు చుట్టడం కాదు.

రెండో రోజు: డిండి, మన్ననూరు, శ్రీశైలం ఘాట్, తిరిగి అచ్చంపేట

765 జాతీయ రహదారి మీద హాజీపూర్ దాటి మన్ననూరు చేరితే అటవీ చెక్‌పోస్టు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసి ఉంటుంది, ఆ లెక్కతోనే బయలుదేరాలి. ఇక్కడినుంచి అంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యం, వేగం తగ్గించి హారన్ కొట్టకుండా పోవాల్సిన చోటు. దారిలో ఫర్హాబాద్, వటవర్లపల్లి, అక్కడినుంచి మల్లెల తీర్థం మలుపు. దోమలపెంట దాటాక కృష్ణ మీదికి దిగే ఘాట్ మొదలు.

ఎక్కేటప్పుడు క్లచ్ సంగతి తెలుస్తుంది. ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ముందు లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఖాళీ ఉందో లేదో చూడాలి. ఖాళీ లేకపోతే క్లచ్ సగం నొక్కినట్టే ఉంటుంది, ప్లేట్లు కాలిపోతాయి. ఖాళీ సరిగ్గా ఉన్నా జారితే ఆయిలు డబ్బా చూడాలి. కారు ఆయిలులో జారుడు కోసం కలిపే మందులు తడి క్లచ్‌కు పనికిరావు. డబ్బా మీద జాసో (బైకు ఆయిలుకు జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. పుస్తకం ఒప్పుకుంటే మన వేసవికి 20డబ్ల్యూ-50 నయం.

దిగేటప్పుడు బ్రేకుల వంతు. రెండు డిస్కులున్నాయి కదా అని మూడు కిలోమీటర్లు లివర్ పట్టుకునే దిగితే ప్యాడ్లు గాజులా మెరిసి పట్టు తప్పుతుంది. పాత ఫ్లూయిడ్‌లో చేరిన తేమ ఆవిరై లివర్ స్పాంజిలా మెత్తబడుతుంది. అలా అనిపిస్తే పక్కకు తీసి పావుగంట ఆగడం తప్ప వేరే మార్గం లేదు, నీళ్లు పోయకూడదు, డిస్కు వంగుతుంది. రెండో గేరులో ఇంజిన్‌తోనే వేగం పట్టి ఉంచి, బ్రేకును గట్టిగా కొద్దిసేపు నొక్కి పూర్తిగా వదలడం సరైన పద్ధతి. ఫ్లూయిడ్ డాట్ 4, రెండేళ్లకోసారి మార్చాలి, కానీ చైనా బండ్లలో షోరూమునుంచి వచ్చిన ఫ్లూయిడే ఐదేళ్లు నడిపేవాళ్లు ఉన్నారు.

చాలా 125 సీసీ బండ్లలో కాళ్ల బ్రేకు నొక్కితే ముందుది కూడా కొంత పట్టే కాంబీ బ్రేకు ఉంటుంది. దీనికి బ్లీడింగ్ (లైనులోంచి గాలి తీయడం) తెలియని మెకానిక్కులు ముందు బ్రేకును, వెనక బ్రేకును విడివిడిగా బ్లీడ్ చేసి, వెనక పెడల్ నుంచి ముందు క్యాలిపర్‌కు వెళ్లే మూడో లైను మర్చిపోతారు. అందులో గాలి మిగిలితే పెడల్ ఎప్పటికీ గట్టిపడదు. కొత్త ప్యాడ్లు వేసినా, మాస్టర్ సిలిండర్ మార్చినా పోని మెత్తదనానికి కారణం చాలాసార్లు అదే గాలి.

ఘాట్ మలుపుల్లో హ్యాండిల్ ఒక చోట పట్టినట్టు, మధ్యలో గాడి ఉన్నట్టు అనిపిస్తే కోన్ సెట్ (హ్యాండిల్ మెడలోని బేరింగులు) పోయింది. ఫ్యాక్టరీలో గ్రీజు పిసినారిగా పెడతారు. ముందు చక్రం లేపి ఫోర్కులను ముందుకు వెనక్కి లాగితే ‘కట్’ మంటే వదులు, హ్యాండిల్ వదిలితే తనంత తాను పక్కకు వాలకపోతే మరీ బిగుతు. విప్పి, కడిగి, లిథియం గ్రీజు నిండా పెట్టి బిగిస్తే చాలాకాలం వస్తుంది.

పాతాళగంగ వంతెన దగ్గర ఆగి వెనక్కి. చీకటి పడకముందే మన్ననూరు గేటు దాటి అచ్చంపేటలో బస.

మూడో రోజు: అచ్చంపేట, లింగాల, కొల్లాపూర్, సోమశిల

ఇదీ అసలు పరీక్ష. లింగాల వైపు ఊరికో నాలుగు స్పీడు బ్రేకర్లు, వాటిలో సగానికి రంగు ఉండదు. పనులు నడిచే చోట ఎర్రమట్టి దుమ్ము. ఒక ఊరి మెకానిక్ షాపు ముందు ఆగితే బండిని ఎగాదిగా చూసి ఆయన అన్న మాట: ‘‘అన్నా, ఇంజిన్ జోలికి నేను పోను గానీ, మిగతాదంతా మన బండే. బేరింగు మీద నంబరు ఉంటది, సూస్కో.’’

ఆ మాటలో ఉన్నంత లాభం షోరూము సలహాలో లేదు. చక్రాల బేరింగులు ప్రపంచమంతా ఒకే కొలతల్లో ఉంటాయి. 6202, 6301, 6302 లాంటి అంకె బేరింగు అంచు మీద చెక్కి ఉంటుంది. అదే అంకెతో ఎన్‌బీసీ, ఎస్‌కేఎఫ్ బేరింగులు చిన్న పట్టణాల్లోనూ దొరుకుతాయి. చివర 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నట్టు, దుమ్ము రోడ్లకు అదే కావాలి. అసలు బేరింగు ఎంత మంచిదైనా పల్చని సీలుతో వస్తే ఒక వానాకాలంలో తుప్పు పడుతుంది. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉందంటే మార్చే టైము. ఆయిల్ సీళ్లకూ ఇదే సూత్రం: లోపలి కొలత, బయటి కొలత, మందం అనే మూడు అంకెలు సీలు మీదే ఉంటాయి.

చైనా బండి ఓనర్ డైరీలో ముందుగా రాసుకోవాల్సినది పార్ట్ నంబర్లు కాదు, ఇలాంటి కొలతలు. హైదరాబాద్‌లో పుత్లీబౌలి, రాణిగంజ్ దుకాణాలవాళ్లకు మోడల్ పేరు చెబితే తల అడ్డంగా ఊపుతారు, కొలత చెబితే లోపలికి వెళ్లి తెస్తారు. తెచ్చినదాన్ని ఆర్టీసీ కార్గోలో వేయించుకుంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి డిపోలకు త్వరగానే చేరుతుంది. కొలతతో దొరకనివి కొన్ని ఉన్నాయి: ఈసీయూ, థ్రాటిల్ బాడీ, మీటర్ కన్సోల్, బాడీ ప్లాస్టిక్. పడేసి ఇండికేటర్ దిమ్మె విరగ్గొట్టుకున్నవాళ్లకు ఆ ప్లాస్టిక్ కోసమే నెలలు పడుతుంది. కాబట్టి క్రాష్ గార్డు ఈ బండ్లకు అలంకారం కాదు.

దుమ్ము చేసే రెండో పని సైడ్ స్టాండ్ స్విచ్ మీద. బండి న్యూట్రల్‌లో స్టార్ట్ అవుతుంది, గేరు వేయగానే ఆగిపోతుంది. కొత్త ఓనర్ పెట్రోలు, ప్లగ్, పంపు అన్నీ విప్పుతాడు. స్టాండు పైకి ఉన్నా కింద ఉందని స్విచ్ చెబుతోందంతే. నీళ్లతో కడిగి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, స్టాండును ఇరవైసార్లు ఆడిస్తే సరి. రెండు వైర్ల స్విచ్ అయితే, స్టాండు పైకి ఉన్నప్పుడు కలిసే రకమా విడిపోయే రకమా మల్టీమీటర్‌తో చూసి, కలిసే రకమైతే ఊరు చేరేదాకా రెండూ కలిపి నడపొచ్చు. అలాగే వదిలేస్తే మాత్రం స్టాండు దించి మలుపు తిరిగే రోజు వస్తుంది. క్లచ్ లివర్ కింది స్విచ్‌కూ ఇదే రోగం: సెల్ఫ్ నొక్కితే టిక్ కూడా అనదు.

ఫోర్క్ సీళ్ల దగ్గర ఆయిలు తడి కనిపిస్తే వెంటనే సీలు మార్చక్కర్లేదు. డస్ట్ కవర్ పైకి లేపి, పాత ఫోటో ఫిల్మ్ ముక్కను కొక్కెంలా కత్తిరించి సీలు పెదవి కింద తిప్పితే ఇరుక్కున్న ఇసుక రేణువు బయటికొస్తుంది. సగానికి సగం కేసుల్లో కారడం ఆగిపోతుంది.

కొల్లాపూర్ నుంచి సోమశిల సుమారు పది కిలోమీటర్లు. శ్రీశైలం జలాశయం వెనక నీరు కొండల మధ్య పరుచుకుని ఉంటుంది. ఒడ్డున రాత్రి బస. బోల్టుల తనిఖీ ఇక్కడ మళ్లీ చేస్తే థ్రెడ్ లాకర్ వేసినవి కదలలేదు, వేయని అద్దం కాడ, హారన్ బ్రాకెట్ వదులయ్యాయి.

నాలుగో రోజు: కొల్లాపూర్, పానగల్, వనపర్తి, పెబ్బేరు, అలంపూర్, గద్వాల

పానగల్ కోట గుట్టల పక్కగా వనపర్తి. ఇక్కడ చైనా బండి అని అడిగితే ఎవరూ మోటార్ సైకిల్ చూపించరు, ఎలక్ట్రిక్ స్కూటీ చూపిస్తారు. మోటారు 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించకపోతే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు కాబట్టి కాలేజీ పిల్లలు, పొలానికి పోయే పెద్దమనుషులు కొంటున్నారు. పేరు మనదే ఉంటుంది, చాలావాటిలో హబ్ మోటార్ (చక్రంలోనే ఉండే మోటారు), కంట్రోలర్, ఛార్జర్ చైనావే. మోటారు దాదాపు చావదు. చచ్చేవి బ్యాటరీలు.

లెడ్ యాసిడ్ రకం అయితే 12 వోల్టులవి ఐదు కలిపి 60. మైలేజీ సగానికి పడిపోయిందంటే ఐదూ పోయాయని కాదు, ఒకటి పోయిందని. ఎక్కి నడుపుతూ ఒక్కోదాన్ని విడిగా కొలిస్తే చెడ్డది 10.5 కిందికి జారుతుంది, మిగతావి నిలబడతాయి. ఒక్కటే కొత్తది వేస్తే మూడు నెలల్లో అది కూడా పాతవాటి స్థితికొస్తుంది, వేయాలంటే అంతే వయసున్నది వెతకాలి, లేదా ఐదూ మార్చాలి. ఛార్జర్ చివర దాదాపు 73, 74 వోల్టుల దగ్గర ఆగాలి. ఆగక మరిగిస్తుంటే బ్యాటరీ పక్కలు ఉబ్బుతాయి. బండి కుదుపులతో మొదలై ఆగిపోతే తప్పు హాల్ సెన్సర్‌ది (మోటారు ఎంత తిరిగిందో కంట్రోలర్‌కు చెప్పేది): సన్నని ఐదు వైర్ల కప్లర్‌లో ఎరుపు, నలుపు 5 వోల్టుల సరఫరా, మిగిలిన పసుపు, ఆకుపచ్చ, నీలం వైర్లు చక్రం చేత్తో తిప్పుతుంటే ఒక్కోటీ 0కి, 5కి మధ్య మారాలి. మారనిది పోయింది. స్పీడు పెరగాలని ఒక వైరు కత్తిరించి ఇచ్చే దుకాణాలున్నాయి. ఆ క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్ అక్కర్లేని బండి కాదు, ఆ సంగతి అమ్మేటప్పుడు చెప్పరు.

పెబ్బేరు దగ్గర 44వ జాతీయ రహదారి. బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటితే నడిగడ్డ, కృష్ణా తుంగభద్రల మధ్య నేల. ఇక్కడ లారీల వేగానికి 125ను ఎక్కించాలని అనిపిస్తుంది, ఎక్కించకూడదు. 65, 70 మధ్య గంటలకొద్దీ హాయిగా నడిచే ఇంజిన్ 90 దగ్గర వణుకుతో ముందు సైలెన్సర్ బ్రాకెట్‌ను, తర్వాత నంబర్ ప్లేట్‌ను పగలగొడుతుంది. వెల్డింగ్ వేయించేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ విప్పాలి, ఈసీయూ కప్లర్ కూడా. ఇది అడిగి చేయించుకోవాల్సిందే, రోడ్డు పక్క వెల్డర్ తనంత తాను చేయడు.

చైన్ కూడా హైవే మీదే అలసిపోతుంది. 125లకు వచ్చే 428 చైన్‌కు సీళ్లు ఉండవు, సాగుతుంది. 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఊపు ఉంచి, ప్రతి 500 కిలోమీటర్లకు చూడాలి. వేడిగా ఉన్నప్పుడు 90 నంబరు గేర్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా లోపలివైపు వేసి గంట తర్వాత తుడవడం చవకైన, మంచి పద్ధతి. 21 పిన్నుల మధ్య దూరం కొత్త చైన్‌కు 254 మిల్లీమీటర్లు, 259కి చేరిందంటే మార్చే టైము. స్ప్రాకెట్లు రెండూ చైన్‌తోపాటే మార్చాలి. వెనకదానికి అచ్చం అదే బోల్టుల దూరం, మధ్య రంధ్రం ఉన్న మన బండి స్ప్రాకెట్ దొరికితే అదృష్టం, లేకపోతే లేత్ మీద రంధ్రం పెద్దది చేయిస్తారు.

అలంపూర్‌లో ఏడో శతాబ్దపు చాళుక్య ఆలయాలు, జోగులాంబ దర్శనం, తుంగభద్ర ఒడ్డు. తిరిగి ఎర్రవల్లి చౌరస్తా మీదుగా గద్వాలకు.

ఐదో రోజు: గద్వాల, జూరాల, ఆత్మకూరు, మహబూబ్‌నగర్

జూరాల దగ్గర చేపలు తినకుండా ఎవరూ కదలరు, ఆ గంటలో టైర్లు చల్లారుతాయి కాబట్టి గాలి చూసుకోవచ్చు. గాలి ఎప్పుడూ చల్లటి టైరులోనే కొలవాలి. ఈ బండ్లతో వచ్చే టైర్ల రబ్బరు గట్టిది. పొడి రోడ్డు మీద ఎక్కువ కాలం వస్తుంది, తడి రోడ్డు మీద ముందు బ్రేకు పట్టగానే జారుతుంది. 17 అంగుళాల రిమ్ములకు 110/70, 130/70 కొలతల్లో మన కంపెనీల టైర్లు దొరుకుతాయి. వానాకాలం రాకముందే ముందు టైరు ఒక్కటి మార్చినా తేడా తెలుస్తుంది.

పెట్రోలు సంగతి కూడా ఇక్కడే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. పాత బండ్లలో ఫ్యూయల్ గొట్టం చివర్లు మెత్తబడి పగుళ్లు వస్తాయి, వాసనే మొదటి గుర్తు. మార్చేటప్పుడు కార్బురేటర్ బండి గొట్టం వేయకూడదు, పంపు నుంచి వచ్చే ఒత్తిడి 3 బార్ దాకా ఉంటుంది, ఇంజెక్షన్ గొట్టం, దానికి తగిన క్లిప్పులే కావాలి. ఇథనాల్ తేమను లాగుతుంది కాబట్టి నెలలకొద్దీ నిలబెట్టే బండి ట్యాంకు సగం ఖాళీగా ఉంచితే లోపల తుప్పు పట్టి ఆ పొడి పంపు జల్లెడలోకి వెళ్తుంది. నింపి పెట్టాలి, లేదా పూర్తిగా తీసేయాలి.

ఆత్మకూరు మీదుగా మహబూబ్‌నగర్ చేరి పిల్లలమర్రి నీడలో కాసేపు. ఊరి బయట దివిటిపల్లిలో అమరరాజా వాళ్ల లిథియం బ్యాటరీ కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. వనపర్తి స్కూటీల్లో చైనా సెల్లుల బదులు పాలమూరు సెల్లులు ఎప్పుడు వస్తాయో మరి.

ఆరో రోజు: మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, కొండమల్లేపల్లి, నల్లగొండ

167వ జాతీయ రహదారి మీద జడ్చర్ల, మిడ్జిల్, కల్వకుర్తి, అక్కడినుంచి కొండమల్లేపల్లి. మంచి రోడ్డు, చెప్పుకోదగ్గ సంఘటన లేదు. రెగ్యులేటర్ బయటికి తెచ్చాక ఛార్జింగ్ 14.2 దగ్గరే నిలబడింది.

నల్లగొండలో మర్నాటి పని: ఆయిలు వేడిగా ఉన్నప్పుడే తీసి, డ్రెయిన్ బోల్టు చివర అయస్కాంతం ఉంటే దానికి అంటినది చూడాలి. బూడిదలా మెత్తటి పేస్టు ఉంటే సహజం, వేలికి గుచ్చుకునే ముక్క ఉంటే గేరుబాక్సు విప్పించాలి. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్. ఎయిర్ ఫిల్టర్ ఎర్రమట్టితో నిండి ఉంటుంది. పేపరు రకమైతే లోపలినుంచి బయటికి గాలి కొట్టి మరోసారి వాడొచ్చు, నూనె పట్టించిన రకమైతే గాలి కొట్టకూడదు, మార్చాలి. చైన్ 256 చూపింది, ఇంకో రెండు వేల కిలోమీటర్లు నడవొచ్చు గానీ హైదరాబాద్‌కు ఆర్డరు ఇప్పుడే పెట్టాలి. అదే పార్శిల్‌లో 6301-2ఆర్‌ఎస్ బేరింగులు రెండు, సైడ్ స్టాండ్ స్విచ్ ఒకటి, క్లచ్ వైరు రెండు కూడా రాయించాలి. విడివిడిగా తెప్పిస్తే సామానుకంటే పార్శిల్ ఖర్చే ఎక్కువ.